ఆశక్క సంచి ఎక్కడి నుంచి వచ్చింది?



మన గూడేల్లో ఏ ఇంట్లో పురుడు వచ్చినా మూడో రోజుకల్లా ఆశక్క వస్తుంది. సంచిలోంచి తూకం తీస్తుంది, బిడ్డను గుడ్డ జోలెలో పెట్టి తూస్తుంది, చంకలో థర్మామీటర్ పెడుతుంది, ఊపిరి లెక్కపెడుతుంది. ఏడో రోజు మళ్ళీ వస్తుంది. పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండు. మనలో చాలామంది తమ్ముళ్ళను, చెల్లెళ్ళను ఆ సంచిలోని తూకమే తూచింది. మా హాస్టల్‌లో ముగ్గురి తల్లులు ఆశలు. అందుకే ఈ పోస్టు రాయాలనిపించింది.

గ్రూప్ పరీక్షల పుస్తకాల్లో ఆశ గురించి ఒక లైను ఉంటుంది. 2005, జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్, వెయ్యి జనాభాకు ఒకరు. బట్టీ పట్టి వదిలేస్తాం. ఆ లైను చదివితే ఎవరో ఢిల్లీలో కూర్చుని ఆలోచించి పంపించారు అన్నట్టు ఉంటుంది. నిజానికి ఈ ఆలోచనకు ముప్పై ఏళ్ళ ముందటి చరిత్ర ఉంది. అది పుట్టింది కరువు ఊళ్ళలో, గోండుల గూడేల్లో, ఇనుప గనుల పక్క బస్తీల్లో. దాన్ని నడిపింది చిన్న చిన్న సంస్థలు, వాటిల్లో పనిచేసిన పల్లెటూరి ఆడవాళ్ళు. ఆ చరిత్ర తెలియకపోతే మన అమ్మలు చేస్తున్న పని విలువ మనకే తెలియదు.

మొదట జామ్‌ఖేడ్. మహారాష్ట్రలో అప్పటి అహ్మద్‌నగర్ జిల్లాలోని కరువు ప్రాంతం. 1970లో డాక్టర్ రజనీకాంత్ ఆరోలే, డాక్టర్ మేబెల్ ఆరోలే అనే భార్యాభర్తలు అక్కడ పని మొదలుపెట్టారు. చదువుకున్న నర్సులను ఊళ్ళలో ఉంచాలని చూశారు. అది కుదరలేదు. ఊరివాళ్ళు వాళ్ళను తమ మనిషి అనుకోలేదు, వాళ్ళకూ అక్కడ ఉండాలనిపించలేదు. అప్పుడు ఊళ్ళోని ఆడవాళ్ళనే తీసుకుందాం అనుకున్నారు. వచ్చినవాళ్ళలో చాలామందికి అక్షరం రాదు. వాళ్ళలో దళితులు చాలామంది. వారం వారం జామ్‌ఖేడ్ వచ్చి నేర్చుకునేవాళ్ళు. అన్ని కులాల వాళ్ళూ ఒకే చోట తిన్నారు, ఒకే చోట పడుకున్నారు. విరేచనాలు పట్టుకున్న పిల్లాడికి ఉప్పు, చక్కెర నీళ్ళు ఎట్లా కలపాలో, గర్భిణిని ఎప్పుడు ఆస్పత్రికి పంపాలో, నీళ్ళు ఎట్లా శుభ్రం చేయాలో నేర్చుకుని ఊరికి వెళ్ళి చెప్పేవాళ్ళు. అంటరానిదని పక్కన పెట్టిన మనిషి చేతిని నమ్మి పెద్ద కులాల ఇళ్ళవాళ్ళు పురుళ్ళకు పిలవడం మొదలైంది. ఇది మందు ఒక్కటే చేసిన పని కాదు కదా.

ఈ అనుభవాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1975లోనే తన పుస్తకంలో రాసింది. మన ప్రభుత్వం 1977 అక్టోబర్ 2న ఊరికో ఆరోగ్య కార్యకర్త అని ఒక పథకం పెట్టింది. కానీ ఎన్నికైనవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళు. నెలకు యాభై రూపాయల భత్యం. కొన్నేళ్ళకు ఆ పథకం పేరుకే మిగిలింది. పురుడు జరిగే ఇంట్లోకి మగ కార్యకర్త ఎట్లా వెళ్తాడు? జామ్‌ఖేడ్ నుంచి పథకం ఆకారం తీసుకున్నారు, అందులోని ఆడమనిషిని వదిలేశారు. ఇది ముందు ముందు కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఇక గడ్చిరోలి. మా ఆసిఫాబాద్ వైపు వాళ్ళకు ఇది పరాయి ఊరు కాదు. ప్రాణహిత దాటితే గడ్చిరోలి జిల్లానే. సిరొంచలో తెలుగు వినిపిస్తుంది, లోపలికి వెళ్తే గోండి. చుట్టరికాలు, పెళ్ళిళ్ళు ఆ ఒడ్డుకీ ఈ ఒడ్డుకీ ఉన్నాయి. 1982లో చంద్రపూర్ నుంచి విడదీసి ఆ జిల్లా చేశారు. అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టర్ దంపతులు అమెరికాలో ప్రజారోగ్యం చదివి తిరిగి వచ్చి 1980ల నడుమ అక్కడ సెర్చ్ అనే సంస్థ పెట్టారు.

వాళ్ళు చేసిన మొదటి మంచి పని అడగడం, వినడం. రాణీ బంగ్ రెండు ఊళ్ళలో 650 మంది ఆడవాళ్ళను పరీక్ష చేశారు. నూటికి 92 మందికి గర్భసంచికో, జననాంగాలకో సంబంధించిన ఏదో ఒక జబ్బు ఉంది. అంతకు ముందు అలాంటి పరీక్ష చేయించుకున్నది నూటికి 8 మందే. 1989లో ఇది లాన్సెట్ పత్రికలో వచ్చింది. అప్పటిదాకా పల్లె ఆడవాళ్ళ ఆరోగ్యం అంటే ప్రభుత్వానికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ ఒక్కటే. ఆ ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి నొప్పిని లోపలే దాచుకుని పొలం పనికి, అడవికి వెళ్తున్నారని ఒక చిన్న సంస్థ లెక్కతో సహా చెప్పింది.

ఆస్పత్రి కట్టేటప్పుడు కూడా గోండు జనాన్ని అడిగారు. పెద్ద భవనం అంటే భయం, చుట్టాలను లోపలికి రానివ్వరు, మా మాట ఎవరికీ అర్థం కాదు అన్నది జనం బాధ. అందుకని ఊరిలాగే గుడిసెల వరసలతో, రోగితో పాటు ఇంటివాళ్ళు ఉండేలా కట్టారు. దంతేశ్వరి తల్లి పేరు పెట్టారు. మనలో ఎంతమంది పెద్దాస్పత్రిలో వరండాలో పడుకున్నాం? మాలో ఒకరి నాయనమ్మను ఒక పట్నం ఆస్పత్రిలో చేర్చినప్పుడు, ఆమెకు గోండి తప్ప వేరే మాట రాదని తెలిసి కూడా మనవరాలిని బయటికి పంపేశారు. నొప్పి ఎక్కడ అని అడిగితే ఆమె చెప్పలేక ఊరుకుంది. నొప్పి లేదని రాసుకున్నారు. ఆ రోజు గుర్తొస్తే, చుట్టాన్ని పక్కన ఉండనివ్వడం ఎంత పెద్ద వైద్యమో తెలుస్తుంది.

తర్వాత పసిపిల్లల చావుల మీద పడ్డారు. ముందు న్యుమోనియా. ఊపిరి ఎంత వేగంగా ఆడుతుందో చూస్తే న్యుమోనియా తెలుస్తుంది. కానీ లెక్క రాని మంత్రసాని అరవై దాకా ఎట్లా లెక్కపెడుతుంది? అందుకని ఇసుక గడియారం, పూసలు ఉన్న చిన్న పరికరం చేశారు. పది ఊపిర్లకు ఒక పూస జరపాలి. ఇసుక అయిపోయేలోపు పూసలు హద్దు దాటితే మందు వేయాలి. అంతే. చదువు రాకపోవడం ఆమె తప్పు కాదు, ఆమెకు పనికొచ్చే పనిముట్టు చేయకపోవడం చదువుకున్నవాళ్ళ తప్పు అన్నమాట. ఈ పద్ధతితో న్యుమోనియా చావులు తగ్గాయని 1990లో లెక్కలతో చూపించారు.

అయినా పుట్టిన నెలలోపు చనిపోయే బిడ్డల సంగతి మిగిలింది. 1993 నుంచి 39 ఊళ్ళలో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. పక్కన ఇంకో 47 ఊళ్ళను పోల్చి చూడటానికి పెట్టుకున్నారు. మొదటి రెండేళ్ళు పుట్టుకలు, చావులు, జబ్బులు జాగ్రత్తగా రాశారు. 39 ఊళ్ళలో బతికి పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 62 మంది నెల తిరక్కముందే పోతున్నారు. అప్పుడు ఐదు నుంచి పది తరగతులు చదివిన ఊరి ఆడవాళ్ళకు నేర్పించారు. పుట్టిన బిడ్డకు ఊపిరి అందేలా చూడటం, వెచ్చగా ఉంచడం, తూకం వేయడం, పాలు పట్టించడం, రక్తంలో ఇన్ఫెక్షన్ చేరిన లక్షణాలు గుర్తుపట్టి జెంటామైసిన్ సూది వేయడం. మూడో ఏడు వచ్చేసరికి 62 కాస్తా 25కు దగ్గరకు వచ్చింది. పోల్చిన ఊళ్ళలో మాత్రం అరవై దగ్గరే ఉండిపోయింది. 1999 డిసెంబర్‌లో ఇది లాన్సెట్‌లో వచ్చింది. డాక్టర్ కాని మనిషి పసిబిడ్డకు సూది వేయడమేంటని అభ్యంతరాలు వచ్చాయి. డాక్టర్ రాని ఊళ్ళో బిడ్డ చనిపోతుంటే ఎవరు వేయాలో మాత్రం ఆ అభ్యంతరం చెప్పదు.

ఇంకో రకం చరిత్ర కూడా చెప్పాలి. జామ్‌ఖేడ్, గడ్చిరోలి రెండూ బయటి నుంచి వచ్చిన డాక్టర్లు మొదలుపెట్టినవి. ఛత్తీస్‌గఢ్‌లోని దల్లీ రాజహరా అట్లా కాదు. భిలాయి ఉక్కు ఫ్యాక్టరీకి ఇనుప రాయి తవ్వే ఊరు అది. కాంట్రాక్టు కూలీల్లో ఆదివాసీలు చాలామంది. 1977లో సంఘం పెట్టుకున్నారు. ఆ జూన్‌లోనే పోలీసు కాల్పుల్లో 11 మంది చనిపోయారు. తర్వాత కొన్నాళ్ళకు సంఘం నాయకురాలు కుసుంబాయి పురుటిలో సరైన వైద్యం అందక చనిపోయింది. అప్పుడు కూలీలు మన ఆస్పత్రి మనమే కట్టుకుందాం అనుకున్నారు. చందాలు, శ్రమదానం వాళ్ళవే. సంఘం ఇచ్చిన చోటులో ముందు చిన్న డిస్పెన్సరీ, ఆ తర్వాత 1983 జూన్ 3న ఆస్పత్రి. ఆ 11 మంది గుర్తుగా షహీద్ ఆస్పత్రి అని పేరు పెట్టారు. శంకర్ గుహా నియోగి నాయకత్వంలోని ఆ సంఘం పిలిస్తే డాక్టర్లు వచ్చి చేరారు. పగలు గనిలో పనిచేసే కూలీలే ఆరోగ్య కార్యకర్తలుగా నేర్చుకున్నారు. సారా మానిపించే ఉద్యమం, ఆస్పత్రి, కూలి పోరాటం మూడూ ఒకే సంఘం నుంచి నడిచాయి. నియోగిని 1991లో చంపేశారు. ఆస్పత్రి మాత్రం ఆగలేదు.

ఇప్పుడు మన ఆశక్క దగ్గరికి వద్దాం. 2000లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం వచ్చింది. 2002లో అక్కడి ప్రభుత్వం, స్వచ్ఛంద సంస్థలు, ఆరోగ్య ఉద్యమాల వాళ్ళు కూర్చుని మితానిన్ కార్యక్రమం మొదలుపెట్టారు. మితాన్ అంటే అక్కడి జనంలో పెద్దల ముందు ప్రమాణం చేసి కట్టుకునే స్నేహం. మితానిన్ అంటే అట్లాంటి స్నేహితురాలు. ఊరికి కాదు, ప్రతి వాడకు ఒక ఆడమనిషి, ఆ వాడవాళ్ళే ఎంచుకోవాలి. 2005లో దేశమంతా ఆశ పథకం వచ్చినప్పుడు ముందున్న నమూనాల్లో ఇదొకటి. 2011లో ఇంటి దగ్గరే పసిబిడ్డ సంరక్షణ అనే పనిని ఆశలకు అప్పగించారు. ఆ మూడో రోజు, ఏడో రోజు లెక్క అప్పటిది. దాని వెనక గడ్చిరోలి 39 ఊళ్ళ అనుభవం ఉంది. అంటే మన చెల్లెలిని తూచిన ఆ తూకం వెనక ప్రాణహిత అవతలి ఒడ్డు ఆడవాళ్ళ చేతులు ఉన్నాయి.

అయితే 1977లో జరిగిందే మళ్ళీ కొంత జరిగింది. ఆకారం వచ్చింది, లోపలి సరుకు కొంత రాలేదు. గడ్చిరోలి ఆడవాళ్ళ చేతికి సూది ఇచ్చారు, ఆశకు ఇవ్వలేదు. గూడెం చెదురుగా ఉన్నచోట జనాభా లెక్క సడలించవచ్చని నియమం ఉన్నా, నాలుగు గూడేలకు ఒక్క ఆశ నడుస్తున్న చోట్లు మాకు తెలుసు. ఇక జీతం. ఆమెను ఉద్యోగి అనరు, కార్యకర్త అంటారు. చేసిన పనికి ప్రోత్సాహకం. ఒక బిడ్డ ఇంటికి అన్నిసార్లు వెళ్ళివచ్చినందుకు 2011లో పెట్టింది 250 రూపాయలు. 2015లో తెలంగాణ ఆశలు నెలల తరబడి సమ్మె చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పది వేలు చేశారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని పది లక్షల మంది ఆశలకు అవార్డు ప్రకటించింది. మాలో ఒకరి అమ్మ ఆ రోజు కూడా వాగు దాటి టీకాల డబ్బా మోసుకెళ్ళింది. అవార్డు సంగతి రాత్రి మేం ఫోన్ చేసి చెప్తే తెలిసింది. "మంచిదేలే బిడ్డా, సెల్‌లో లెక్కలు ఎక్కించాలి, తర్వాత మాట్లాడతా" అంది.

సంస్థల గురించి కూడా ఒక మాట నిజంగా మాట్లాడుకోవాలి. అన్నీ జామ్‌ఖేడ్‌లు కావు. ప్రాజెక్టు మూడేళ్ళు ఉంటుంది, జీపు వస్తుంది, ఫోటోలు దిగుతారు, డబ్బు అయిపోతే జీపు రాదు. మంచి సంస్థలు ఏం చేశాయో చూస్తే తేడా తెలుస్తుంది. ఒకచోటే ఏళ్ళకేళ్ళు ఉన్నాయి. చావును లెక్కలో పెట్టాయి. ఊరి ఆడమనిషికి పని, పనిముట్టు, మందు మూడూ ఇచ్చాయి. తప్పు చేస్తే తిట్టడానికి కాకుండా నేర్పడానికి వెనక ఒకరిని పెట్టాయి. పథకాన్ని అయినా సంస్థను అయినా ఈ నాలుగింటితో కొలవొచ్చు.

ఇంకొక బాధ ఉంది. బంగ్ దంపతులకు పద్మశ్రీ వచ్చింది, రావాల్సిందే. కానీ ఆ 39 ఊళ్ళలో అర్ధరాత్రి లాంతరు పట్టుకుని వెళ్ళిన ఆడవాళ్ళ పేర్లు మనలో ఎవరికీ తెలియవు. మన ఊళ్ళోనూ అంతే. ఆశలు రాకముందు మన ఏజెన్సీ గూడేల్లో సి.హెచ్.డబ్ల్యూ.లు ఉండేవాళ్ళు, వాళ్ళకు ముందు మంత్రసానులు. వాళ్ళ చేతుల మీద పుట్టిన మనం వాళ్ళ పేర్లు ఎక్కడా రాయలేదు.

అందుకే మా హాస్టల్‌లో ఒక నోటుబుక్కు పెట్టాం. సెలవులకు వెళ్ళినప్పుడు ప్రతి ఒక్కరం ఒక పెద్దమ్మ దగ్గర కూర్చుని అడుగుతున్నాం. ఊరికి మొదటి మందుల సంచి ఎవరు మోశారు? ఎవరు ఎంచుకున్నారు? ఏం నేర్చుకుంది? ఎంత ఇచ్చారు? ఎందుకు మానేసింది? ఇప్పటికి పదకొండు గూడేల పేర్లు వచ్చాయి. నర్సింగ్ చదివే మన అక్కలు, ఎంబీబీఎస్ సీటు తెచ్చుకున్న మన తమ్ముళ్ళు కూడా ఆ పేర్లు చదవాలి. రేపు తెల్లకోటు వేసుకుని పీహెచ్‌సీలో కూర్చున్నప్పుడు, సంచి వేసుకుని వచ్చిన ఆశక్కను నిలబెట్టి మాట్లాడకుండా ఉండటానికి అది పనికొస్తుంది.

సెలవులు దగ్గరకొస్తున్నాయి. మీరూ అడిగి రాయండి. ఆమె ఒప్పుకుంటేనే పేరు రాయండి.

జోహార్.