సముద్రపు ఒడ్డున బస: గంజాం, పూరీ తీరాల్లో అతిథులూ ఆతిథేయులూ

గోపాలపురంలో ఇసుక మొదలయ్యే చోట ఉన్న ఒక చిన్న బసలో మేము రెండు రాత్రులు గడిపాం. బరంపురం నుంచి 16 కిలోమీటర్లు. గది కిటికీ తలుపులు ఉప్పుగాలికి ఉబ్బి సరిగా మూసుకోవు. కుళాయి నీళ్ళు ఉప్పగా ఉంటాయి. రాత్రంతా కెరటాల హోరు మంచం పక్కనే ఉన్నట్టు వినిపించింది. బస యజమాని ఒడియాలో మాట్లాడాడు. వంటవాడు మాత్రం మా మాట విని, శ్రీకాకుళం యాసలో "కూరలో కారం తగ్గించమంటారా?" అన్నాడు. మర్నాడు పొద్దున్న స్నానానికి దిగబోతుంటే ఒక ముసలాయన ఎదురొచ్చి, "ఏ ఊరు బాబూ మీది? ఇవాళ లోపలికి దిగకండి, అడుగున లాగుతోంది" అని హెచ్చరించాడు. అదీ తెలుగే. ఆ తర్వాత మా చెయ్యి పట్టుకుని నాలుగు కెరటాలు మాత్రం తగలనిచ్చి ఒడ్డుకు తెచ్చాడు.

ఈ తీరపు బసల చరిత్ర చదవబోతే దొరికేవి ఎక్కువగా హోటళ్ళ పుట్టుపూర్వోత్తరాలు. ఎవరు కట్టారు, ఎవరు కొన్నారు, ఏ దొర దిగాడు అన్నవే. అక్కడ దిగినవారు వెంట తీసుకుపోయిన అనుభవంలో సగం ఆ ముసలాయన వంటివారు ఇచ్చిందే అని మాకు అనిపిస్తుంది. వారి ప్రస్తావన ఆ చరిత్రల్లో దాదాపు లేదు. ఈ వ్యాసం ఆ లోటును పూడ్చలేదు కాని, ఎక్కడ వెతకాలో కొంత చెప్పగలదు.

తెలుగువారికి బస అంటే మొదటి ప్రశ్న గది గురించి కాదు, అన్నం గురించి. కాకతీయుల ఓరుగల్లును వర్ణించిన క్రీడాభిరామంలో ఇద్దరు మిత్రులు ఊరంతా తిరిగి, ఒక రూక ఇచ్చి పూటకూటింట భోంచేస్తారు. గురజాడ కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ సామాను కొనిపెట్టమని ఇచ్చిన డబ్బును గిరీశం వేరే దారి పట్టించిన సంగతి విద్యార్థులకు తెలిసిందే. డబ్బిచ్చి తినేది పూటకూళ్ళ ఇల్లు. ధర్మానికి నడిచేది సత్రం. సొంత వంట చేసుకుని తలదాచుకునేది చావడి. ఈ మూడింటికీ మూడు మాటలు ఉండడమే మన అలవాట్లను చెబుతోంది. దొరల కాలంలో నాలుగోది వచ్చి చేరింది, ముసాఫరీ బంగళా. అందులో మంచం, కుర్చీ, ఒక బంట్రోతు, సంతకం చెయ్యడానికి ఒక పుస్తకం ఉండేవి.

ఈ దారిన నడిచిన తెలుగువారిలో మనకు బాగా తెలిసినవాడు ఏనుగుల వీరాస్వామయ్య. ఆయన 1830 మే 18న మద్రాసులో బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరాడు. తిరుగు ప్రయాణంలో పూరీ మీదుగా గంజాం, శ్రీకాకుళం దారి పట్టాడు. ఆయన రాసిన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. ప్రతి మజిలీలోనూ ఆయన చూసేవి ఇంచుమించు అవే: దిగడానికి చోటుందా, నీళ్ళు మంచివేనా, అంగళ్ళలో సరుకులు దొరుకుతాయా. పెద్ద పరివారంతో, డేరాలతో వెళ్ళిన మనిషికే ఇంత చింత ఉంటే, మూట నెత్తిన పెట్టుకుని నడిచిన మామూలు యాత్రికుడి సంగతి చెప్పనక్కరలేదు. పూరీలో అప్పటికి యాత్రికుల పన్ను కూడా ఉండేది. అది 1840లో గాని రద్దు కాలేదు.

పూరీ చేరిన తెలుగు యాత్రికుడికి ఒక వింత ఎదురయ్యేది. బస ఉంది గాని పొయ్యి అవసరం లేదు. జగన్నాథుని మహాప్రసాదం కులభేదం లేకుండా అందరూ కలిసి తినేది. మడి కట్టుకుని తన పొయ్యి తాను వెలిగించుకునే మనిషి అక్కడ కుండలోని అన్నం పక్కవాడితో కలిసి తినాలి. మన యాత్రికుల అనుభవంలో ఇది చిన్న విషయం కాదు. బస మాత్రం దుర్భరంగా ఉండేది. పండాల అజమాయిషీలోని మట్టి ఇళ్ళలో, కిటికీలు లేని చిన్న గదుల్లో, రథయాత్ర రోజుల్లో మనుషులను కుక్కేవారు. కలరా అక్కడే పుట్టి యాత్రికుల వెంట ఊళ్ళకు పోతోందని వైద్యాధికారులు గోలపెట్టారు. చివరకు బెంగాలు ప్రభుత్వం 1871లో పూరీ బస ఇళ్ళ కోసమే ఒక చట్టం చేసింది. లైసెన్సు తీసుకోవాలి, ఏ ఇంట్లో ఎంతమంది పడుకోవచ్చో అందులో రాయాలి, ఆరోగ్యాధికారి వచ్చి చూస్తాడు. ఒక ఊరి బసల కోసం ప్రత్యేకంగా చట్టం చెయ్యవలసి వచ్చిందంటే అక్కడి అతిథి అనుభవం ఎలాంటిదో ఊహించుకోవచ్చు.

1890లలో తూర్పు తీరపు రైలుమార్గం వచ్చాక అంతా మారింది. 1897లో ఖుర్దా రోడ్డు నుంచి పూరీకి రైలు నడిచింది. వారాల నడక ఒకటి రెండు రోజుల ప్రయాణమైంది. యాత్రికుల వెనుకే మరో రకం అతిథులు దిగారు. గుడికి కాదు, గాలి మార్పుకు వచ్చినవారు. కలకత్తా బెంగాలీ కుటుంబాలు పూరీ ఒడ్డున ఇళ్ళు కట్టుకున్నాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే 1925లో అక్కడ తన హోటల్ పెట్టింది. సత్యజిత్ రాయ్ 1979 నాటి ఫెలూదా కథ 'హత్యాపురి' కూడా పూరీలో ఒక హోటల్లో దిగిన అతిథులతోనే నడుస్తుంది.

గోపాలపురం దారి వేరు. 1815 ప్రాంతంలో విషజ్వరాలతో గంజాం పట్నం పాడుబడ్డాక ఈ రేవు పుంజుకుంది. అయితే ఇక్కడ ఓడ ఒడ్డుకు రాలేదు. దూరంగా లంగరు వేసి నిలిచేది. మనుషులనూ మూటలనూ కొబ్బరిపీచు తాళ్ళతో కుట్టిన మసూలా పడవల్లో కెరటాలు దాటించాలి. మేకులు కొట్టిన పడవైతే ఆ కెరటాల దెబ్బకు పగిలిపోయేది, కుట్టిన పడవ వంగి తట్టుకునేది. ఈ విద్య తెలిసినవారు వాడబలిజలు, జాలరులు. తెలుగు మాట్లాడే ఈ సముద్రజీవులనే ఒడియాలో నోలియాలంటారు. దొరైనా కూలీ అయినా గోపాలపురంలో కాలు పెట్టాలంటే ముందు వీరి పడవలో కూర్చోవలసిందే.

కూలీల మాట ఎందుకంటే, ఈ రేవు నుంచి వేలమంది రంగూను వెళ్ళారు. గంజాం, విశాఖ జిల్లాల పల్లెల నుంచి మేస్త్రీలు బయానా ఇచ్చి పిలుచుకొచ్చిన వారు స్టీమరు కోసం రేవులో వేచి ఉండేవారు. బర్మాలో వారిని కోరంగీలు అన్నారు. యానాం పక్కనున్న కోరంగి రేవు పేరే అది. బంగళాల వరండాల్లో టీ తాగిన అతిథుల జ్ఞాపకాలు అచ్చులో దొరుకుతాయి. అదే ఇసుకలో మూట తలకింద పెట్టుకుని పడుకున్నవారి జ్ఞాపకాలు రంగూను పాటల్లో, ఇంటి మాటల్లో దొరికితే దొరకాలి. 1930 రంగూను అల్లర్లు, 1942లో బర్మా నుంచి జనం తరలిరావడం తర్వాత ఆ రాకపోకలు తెగాయి. రేవు కళ తప్పింది.

రేవు తగ్గినా గాలి మిగిలింది. 1914లో మాగ్లియోనీ అనే ఇటలీ దేశస్థుడు ఇక్కడ పామ్ బీచ్ హోటల్ పెట్టాడు. తర్వాత అది ఒబెరాయ్ వారిది, ఇప్పుడు మేఫెయిర్ వారిది. దాని చుట్టూ తక్కువ ఖర్చు బసలు వెలిశాయి. ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు తమ బంగళాల్లో గదులు అద్దెకిచ్చి భోజనం పెట్టేవి. మన భాషలో అవీ పూటకూళ్ళ ఇళ్ళే! ఈలోగా ఊరు రాష్ట్రం మారింది. 1936 ఏప్రిల్ 1న గంజాం జిల్లాను విడదీసి బరంపురం, ఛత్రపురం, గోపాలపురాలను ఒడిశాలో కలిపారు. ఇచ్ఛాపురం మద్రాసులో ఉండిపోయింది.

ఓడలు లేకపోయాక పడవవాళ్ళ నైపుణ్యం ఏమైంది? కొంత వేటలోనే ఉంది. కొంత స్నానాలు చేయించడంలోకి వచ్చింది. పూరీలోనూ గోపాలపురంలోనూ కోసు టోపీ పెట్టుకున్న నోలియా, హోటల్ అతిథి చెయ్యి పట్టుకుని కెరటాలలోకి తీసుకువెళ్ళి తీసుకువస్తాడు. ఏ కెరటం కింద మునగాలో, దేనికి ఎగరాలో ఒత్తిన వేళ్ళతో చెబుతాడు. ఈత రాని బెంగాలీ గృహిణికి, చల్లదేశపు దొరకు, మాకు కూడా, సముద్రం అంటే ఏమిటో చెప్పింది ఆ చెయ్యే. పూరీలో వారి పేట పెంటకోట. ఆ పేరుతో విశాఖ తీరాన పాయకరావుపేట దగ్గర ఒక ఊరు ఉంది. రెండింటికీ ఉన్న బంధాన్ని అక్కడి పెద్దల ఇంటిపేర్లు అడిగి పరిశీలించడం ఒక చక్కని పరిశోధనాంశం. పేటలో ఇంట్లో మాట తెలుగు, బడిలో మాట ఒడియా. ముందు తరానికి గాలుల పేర్లు, నీటి పోకడల పేర్లు తెలుగులో ఎన్ని మిగులుతాయో చెప్పలేం.

తుపానులు మరో దెబ్బ. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గరే తీరం దాటింది. 2019 మే 3న ఫణి పూరీని తాకింది. హోటళ్ళు మళ్ళీ అద్దాలు బిగించుకున్నాయి. పేటలో పడవ, వల పోగొట్టుకున్నవాడు కోలుకోవడం అంత తేలిక కాదు.

మా బస ఖాళీ చేస్తుంటే యజమాని అతిథుల పుస్తకం ముందు పెట్టాడు. పేరు, ఊరు, వచ్చిన తేదీ, వెళ్ళిన తేదీ, అభిప్రాయం. భోజనం బాగుందని, నీళ్ళ సంగతి చూడమని రాశాం. మాకు ముందు రాసినవారూ ఇంచుమించు అదే రాశారు. ముసలాయన పేరు అడగలేదన్న సంగతి బరంపురం బస్సు ఎక్కాక గాని గుర్తు రాలేదు.

బరంపురం, ఛత్రపురం, పూరీ ప్రాంతాల విద్యార్థులు ఎవరైనా తమ ఇళ్ళలో పడవ నడిపినవారు, స్నానాలు చేయించినవారు, బంగళాల్లో వంట చేసినవారు ఉంటే వారి మాటలను వారి యాసలోనే రాసి పంపవలసిందిగా కోరుతున్నాం. గాలికీ, కెరటానికీ, పడవ భాగాలకూ వారు వాడే మాటలను విడిగా రాస్తే మరీ మంచిది. చెప్పినవారి పేరు, ఊరు వారి అనుమతితో తప్పక చేర్చండి.