నల్లగొండ పానీ, నానాజాన్ సజ్దా

మా నానాజాన్ మర్రిగూడ దగ్గరి ఊరి నుంచి మల్కాజ్‌గిరిలో మా ఇంటికి వచ్చేసరికి రుకూకి నడుం వంగేది కాదు, సజ్దాకి మోకాళ్లు ముడుచుకునేవి కాదు. కుర్చీలో కూర్చుని ఇషారాతోనే నమాజ్ చదివేవారు. "బుఢాపా వచ్చేసింది బేటా" అనేవారు. అప్పటికి ఆయన ఉమర్ యాభై రెండు.

కసూర్ ఉమర్‌ది కాదు, పానీది.

హడ్డీ అంటే రాయి అనుకుంటాం గానీ అది జిందా చీజ్. అమ్మ కడుపులో చాలా ఎముకలు ముందు మెత్తని మృదులాస్థిగా తయారవుతాయి, తర్వాత క్యాల్షియం, ఫాస్ఫరస్ చేరి గట్టిపడతాయి. పుట్టినప్పుడు విడివిడిగా ఉన్న ముక్కలు కొన్ని కలిసిపోయి, పెద్దయ్యాక 206 మిగులుతాయి. ఆ తర్వాతా మరమ్మతు ఆగదు. కొన్ని కణాలు పాత ఎముకను కరిగిస్తుంటే, కొన్ని కొత్తది కడుతుంటాయి. నీళ్లలోని ఫ్లోరైడ్ ఈ మరమ్మతులోనే దూరుతుంది. లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఖత్రా.

ఇక జోడ్ సంగతి. ఎముకల కొసలకు నున్నటి మృదులాస్థి, మధ్యలో నూనెలాంటి జిగట ద్రవం, చుట్టూ పట్టీల్లా లిగమెంట్లు. మోకాలు ముడవడానికి ఇవన్నీ కావాలి. ఫ్లోరైడ్ ముదిరితే ఆ పట్టీలే ఎముకలా గట్టిపడతాయి, వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అలాంటప్పుడు రుకూ ఎలా చేస్తారు?

ఈ బీమారీని 1937లోనే షార్ట్ అనే బ్రిటిష్ డాక్టర్, ఆయన సాథీలు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో గుర్తించి రాశారు. మా మల్కాజ్‌గిరికి దగ్గర్లోనే, తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ సైంటిస్టులు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో నల్లగొండ పిల్లల మోకాళ్ల గురించి రాశారు. నిలబడితే మోకాళ్లు రెండూ ఆనుకుంటాయి, పాదాలు మాత్రం దూరంగా ఉండిపోతాయి. ఆ దశాబ్దంలోనే నాగ్‌పూర్‌లోని నీరీ సంస్థ పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే తరీకా తయారుచేసింది. దునియా దాన్ని 'నల్గొండ టెక్నిక్' అంటుంది. అఫ్సోస్, జిల్లా పేరు అలా మషహూర్ అయింది గానీ, ఆ ఊళ్ల నల్లాల్లోకి కృష్ణా నీళ్లు రావడానికి ఇంకా దశాబ్దాలు పట్టింది. వచ్చాక పిల్లల హడ్డీలు బచాయించాయి. బిగుసుకున్న నడుం మాత్రం ఏ నీళ్లు తాగినా మళ్లీ వంగదు.

నానాజాన్‌కి ఇదంతా చెప్పి చూశాను, యఖీన్ కలగలేదు. ఆ మాత్రం ఫ్లోరైడ్‌కి రంగు ఉండదు, వాసన ఉండదు, జాయికా కూడా ఉండదు. "మా బావి నీళ్లు ఎంత మీఠీగా ఉండేవనుకున్నావ్" అనేవారు, కుర్చీలోంచే.