కోటగోడలో కంత

మా నాన్నగారు ముప్ఫయ్యేళ్లు రిజిస్ట్రేషన్ ఆఫీసులో పనిచేశారు. దస్తావేజు చేతికిస్తే లొసుగెక్కడుందో ఇట్టే పట్టేసేవారు. బ్రిటన్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు ఆయన్ని వేల్స్‌లోని కెర్నార్వన్ కోటకి తీసుకెళ్లాను. వేల్స్‌ని లొంగదీసుకున్నాక, మొదటి ఎడ్వర్డ్ రాజు 1283లో మొదలుపెట్టించిన కోట అది.

గోడలో నిలువుగా సన్నటి చీలికలున్నాయి. లోపల్నుంచి చూస్తే ఒక్కో చీలిక వెనకా మనిషి నిలబడేంత గూడు. విలుకాడు అటూ ఇటూ జరిగి గురి చూసుకోవచ్చు. బయటివాడికి మాత్రం కనిపించేది చీకటి గీత ఒక్కటే. నేను చెయ్యి పెట్టి చూపించి, ‘‘లూప్‌హోలంటే ఇదే’’ అన్నాను.

‘‘లూప్‌హోలంటే లొసుగు కదరా?’’ అన్నారు నాన్నగారు.

మధ్యయుగాల ఇంగ్లీషులో ‘లూప్’ అంటేనే గోడలో ఇరుకు కంత. తొంగి చూడటమనే అర్థమున్న డచ్చి మాటతో దీనికి చుట్టరికం ఉండొచ్చంటారు. తాడు ముడికి వాడే లూప్ వేరు. తర్వాత్తర్వాత దీనికి ‘హోల్’ తోడైంది. అంటే కంతకి కంత, మన ‘నడిసెంటర్’ లాగ! 1660ల నాటికి ఆ మాటకి తప్పించుకునే దారి అనే అర్థం కూడా వచ్చింది. పిల్లి కూడా పట్టని సందులోంచి ఎవరు తప్పించుకుంటారో మరి.

మన లొసుగు అంటే లోపం, రాసినవాడి పొరపాటు. లూప్‌హోల్ అలా కాదు, మేస్త్రీ కొలిచి మరీ వదిలిన కంత. ఈ దేశపు చట్టాల్లో నాకు రెండు రకాలూ కనిపిస్తాయి.

1784లో, అమెరికా స్వాతంత్ర్య యుద్ధపు అప్పులు మీద పడ్డాక, సర్కారు ఇటుకల మీద పన్ను వేసింది. వెయ్యి ఇటుకలకి ఇంత అని లెక్క, సైజు ఊసు లేదు. మీషమ్ అనే ఊళ్లో జోసెఫ్ విల్క్స్ అనే ఆసామి ఒక్కోటి రెండింటి పెట్టు ఇటుకలు కాల్పించాడు. 1803లో సర్కారు తేరుకుని, 150 ఘనపు అంగుళాలు దాటిన ఇటుకకి పన్ను రెట్టింపు చేసింది. ఇది అచ్చంగా మన లొసుగు.

గ్రెట్నా గ్రీన్ అనే స్కాట్లండు ఊరి కథ వేరు. 21 ఏళ్లు నిండనివాళ్ల పెళ్లికి పెద్దల ఒప్పుదల ఉండాలన్న చట్టం ఇంగ్లండులో 1754 నుంచి అమల్లోకి వచ్చింది. స్కాట్లండుకి అది వర్తించదు. అక్కడ ఇద్దరు సాక్షుల ముందు ఒకరినొకరు ఒప్పుకుంటే చాలు. ప్రేమికులు గుర్రబ్బండెక్కి, సరిహద్దు దాటగానే తగిలే ఈ ఊళ్లో కమ్మరి దాగలి ముందు పెళ్లాడేవారు. ఇంగ్లండు తండ్రులకి అది పెద్ద కంత. స్కాట్లండు వాళ్లకి మాత్రం తాతలనాటి పద్ధతి, అందులో వాళ్లకి లోపమేమీ కనబడలేదు. గోడకి ఏ వైపు నిలబడ్డాం అన్నదాన్ని బట్టి ఉంటుంది. చివరికి 1856లో, పెళ్లికి ముందు జంటలో ఒకరైనా 21 రోజులు స్కాట్లండులో కాపురముండాలని షరతు పెట్టారు.

తిరుగు రైల్లో ఇదంతా చెప్పుకొచ్చాను. నాన్నగారు కళ్లజోడు తుడుచుకుంటూ చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుని, ఆఖరికి అడిగారు: ‘‘ఆ ఇరవయ్యొక్క రోజులూ ఉన్నట్టు రాసిచ్చేదెవరట?’’