శాక్సఫోను మౌత్ పీసు: చౌకలో మంచిదానిని ఎన్నుకొనుట

తాడేపల్లిగూడెము పక్కనున్న పెంటపాడు వంటి గోదావరి డెల్టా గ్రామములలో పెండ్లి అంటే రెండు మేళములు. తాళి కట్టే వేళ సన్నాయి మేళము, ఊరేగింపు వేళ బ్యాండు మేళము. బ్యాండులో క్లారినెట్టు, ట్రంపెట్టులతో పాటు ఒక్కొక్కచోట పైనా క్రిందా వంపు తిరిగిన పెద్ద ఇత్తడి వాద్యము కనిపిస్తుంది. అదే శాక్సఫోను. దానిని క్రొత్తగా చేతబట్టిన బాలుడు నాలుగు రోజులు ఊది, స్వరము పలుకక, తనకు ఊపిరి చాలదేమోనని దిగులుపడతాడు. నేర్పే పెద్దలు కూడ ఒక్కొక్కప్పుడు అట్లే తలచి వానిచేత వాద్యము మాన్పిస్తారు. పెక్కుసార్లు లోపము ఊపిరిలో ఉండదు; నోట పెట్టుకొనే చిన్న ముక్కలో ఉంటుంది. ఆ ముక్క పేరు మౌత్ పీసు. చేతిలో ఉన్న కొద్ది డబ్బుతో దానిని ఎట్లు ఎన్నుకోవలెనో తెలియాలంటే దాని చరిత్ర కొంత తెలియవలెను.

సన్నాయికి, శాక్సఫోనుకు రూపములో పోలిక తక్కువ. కాని రెండింటికీ ప్రాణము గడ్డిజాతి మొక్క కాడయే. సన్నాయి పీకలో రెండు పలుచని రేకులు ఎదురెదురుగా అదురుతవి. శాక్సఫోనులో ఒక్క రేకే ఉంటుంది. దానిని రీడు అంటారు. రెండవ రేకుకు మారుగా ఉండేది మౌత్ పీసు అంచు. రీడు కోసము వాడే మొక్కకు అరుండో డోనాక్స్ అని పేరు. దక్షిణ ఫ్రాన్సులోని వార్ ప్రాంతము దీనికి ప్రసిద్ధి. కొల్లేటి ఒడ్డున గుబురుగా పెరిగే కిక్కిసను చూచినవారు దీని పోలికను ఊహించుకొనవచ్చును. రెండును వరి కుటుంబమునకు చెందిన మొక్కలే.

ఈ వాద్యమును కనిపెట్టిన అడాల్ఫ్ సాక్స్ 1814లో, నేటి బెల్జియములోని దినాన్ పట్టణములో జన్మించినాడు. తండ్రి వాద్యములు చేసే పనివాడు. కొడుకు ఆ పనిలోనే పెరిగినాడు. అప్పటికే ఒక్క రీడుతో పలికే క్లారినెట్టు వాడుకలో ఉన్నది. దాని గొట్టము చాలవరకు స్థూపాకారము. అందుచేత పై స్థాయికి ఊదినప్పుడు మంద్రములోని షడ్జమము షడ్జమముగా హెచ్చక, దాని పైస్థాయి పంచమమునకు దుముకుతుంది. వ్రేళ్ల వరుస రెండు విధములుగా నేర్వవలసి వస్తుంది. సాక్స్ ఆ రీడునే శంకువు ఆకారపు లోహపు గొట్టమునకు జోడించినాడు. శంకువులో స్వరము సరిగా ఒక స్థాయి హెచ్చుతుంది. షడ్జమము షడ్జమముగానే పైకి పోతుంది. 1846లో ఆయన పారిసులో దీనికి పేటెంటు పొందినాడు. ఫ్రెంచి సైనిక బ్యాండ్లలో ఇది చోటు సంపాదించినది. పోటీదారులతో వ్యాజ్యములు, దివాలాలు ఆయనను జీవితాంతము వేధించినవి. 1894లో ఆయన మరణించినాడు.

సాక్స్ నాటి మౌత్ పీసులు కొయ్యతో చేసినవి. కొయ్య తడికి ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకొని పోతుంది. ఊదేవాని ఉమ్మితో నిత్యము తడిసే వస్తువునకు ఇది పెద్ద లోపము. పరిష్కారము సంగీతశాల నుండి కాక రసాయనశాల నుండి వచ్చినది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్ ఇయర్ రబ్బరును గంధకముతో కలిపి వేడిచేస్తే అది గట్టిపడుతుందని కనుగొన్నాడు. గంధకము పాలు బాగా హెచ్చిస్తే రబ్బరు కొమ్మువలె కఠినమవుతుంది. ఈ పదార్థమునకు ఆయన సోదరుడు నెల్సన్ గుడ్ ఇయర్ 1851లో పేటెంటు పొందినాడు. దీనినే ఎబొనైటు అంటారు. రాజమండ్రిలో 1930ల నుండి చేతిపనితో తయారైన రత్నం కలములు ఈ ఎబొనైటువే. ఇది నీటికి ఉబ్బదు. లేతుపై సన్నగా తరుగుటకు లొంగుతుంది. తరువాతి కాలములో డ్యాన్సు బ్యాండ్ల కొరకు లోహపు మౌత్ పీసులు, అటుపిమ్మట అచ్చులో పోసిన ప్లాస్టికువి వచ్చినవి. అచ్చు ఒక్కటే అయితే వేయి ముక్కలు ఒకే కొలతతో వస్తవి. ధర తగ్గినది అక్కడనే.

అయితే చౌకది మంచిది కాగలదా? శాస్త్రము ఇచ్చే సమాధానము: కాగలదు. ధ్వనిని ప్రధానముగా నిర్ణయించేది పదార్థము కాదు, లోపలి ఆకారము. రీడు కొసకు, మౌత్ పీసు కొసకు నడుమ సన్నని ఎడము ఉంటుంది. ఊపిరి ఒత్తిడికి రీడు ఈ ఎడమును మూస్తూ తెరుస్తూ ఉంటుంది. సెకండుకు 440 కంపనముల స్వరము పలికితే రీడు 440 సార్లు అదురుతుంది. ఎడము ఎక్కువైతే రీడును అదిరించుటకు పెదవికి, ఊపిరికి బలము ఎక్కువ కావలెను. పెంటపాడు బాలుని దిగులుకు మూలము తరచు ఇక్కడనే ఉంటుంది: ఎవరో అనుభవజ్ఞుడు వాడి వదలిన వెడల్పు ఎడముగల లోహపు ముక్క వాని నోటికి వచ్చి ఉంటుంది.

రెండవది లోపలి గది. శాక్సఫోను కొస కోసిన శంకువు. కోసివేసిన కొసలో ఎంత గాలి పట్టేదో, మౌత్ పీసు దాదాపు అంత ఘనపరిమాణమునకు సమానముగా పనిచేయవలెనని అమెరికన్ భౌతికశాస్త్రవేత్త ఆర్థర్ బెనేడ్ వివరించినాడు. ఇది కుదరకపోతే క్రింది స్థాయి సరిగా పలికినా పై స్థాయి అపస్వరమవుతుంది.

కాబట్టి ఆల్టో శాక్సఫోను నేర్చే విద్యార్థికి సుమారు 1.5 నుండి 1.7 మిల్లీమీటర్ల ఎడము, మధ్యరకపు గది, 2 లేక 2½ నంబరు రీడు తగును. చాలచోట్ల విద్యార్థులకు ఇచ్చే యమహా 4సీ ప్లాస్టికుదే. దాని ఎడము 1.6 మిల్లీమీటర్లు. కొనేముందు మూడు పరీక్షలు చేయవలెను. కొస అంచు పగులు లేకుండా ఉన్నదా? రెండు పక్క అంచులు సమానమైన వెడల్పుతో ఉన్నవా? రీడు ఆనే బల్ల చదునుగా ఉన్నదా? అద్దముపై ఆనించి చూస్తే ఇది కొంత తెలుస్తుంది. పిమ్మట తడిపిన రీడు బిగించి, రెండవ కొసను అరచేతితో మూసి, నోటితో గాలి పీల్చి వదలవలెను. రీడు క్షణకాలము అంటుకొని, టప్పున విడివడితే అది చక్కగా కూర్చున్నదని గుర్తు. పాతది కొనుటలో తప్పులేదు. కొస విరిగినది మాత్రము ఎంత చౌకయైనా దండుగ. ఎబొనైటుదానిని వేడినీటితో కడుగరాదు, ఎండలో ఉంచరాదు.

శాక్సఫోనుపై కర్ణాటక సంగీతము పలికించిన కద్రి గోపాలనాథ్ 1949లో నాదస్వర విద్వాంసుని ఇంట పుట్టినాడు. మైసూరు రాజాస్థానపు బ్యాండులో ఈ వాద్యము విని ఆకర్షితుడైనాడు, 1994లో లండనులో బీబీసీ ప్రామ్స్ వేదికపై కచేరీ చేసినాడు, 2019లో మరణించినాడు. సన్నాయి ఇండ్లలో పుట్టిన పిల్లలకు ఈ పరదేశపు వాద్యము పరాయిది కాదని ఆయన జీవితము చూపినది. అట్టి పిల్లవానిని ఊపిరి చాలదని ఇంటికి పంపకముందు, గురువు ఆ మౌత్ పీసును ఒకసారి వెలుతురుకు ఎత్తి చూడవలెను.