గ్రూపు సేంద్రియ సర్టిఫికెట్: ఫీజు కట్టే ముందు లెక్కలు చూసే మనిషిని చూసుకోండి

సేంద్రియ సర్టిఫికెట్ కోసం గ్రూపు కట్టాలనుకునే రైతులు నన్ను మొదట అడిగేది "ఫీజు ఎంతవుతుంది సార్?" అని. ఆ తర్వాత "ఎన్నాళ్లకు వస్తుంది?" అని. "మా లెక్కలు ఎవరు చూడాలి?" అని అడిగినవారిని నా సర్వీసు మొత్తంలో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. నేను చూసినంతలో గ్రూపులు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే.

ముందు ఒక సంగతి తెలుసుకోండి. సర్టిఫికెట్ వచ్చినంత మాత్రాన మీ పసుపు నాణ్యత పెరగదు. అది రకాన్ని బట్టి, నేలను బట్టి, ఉడకబెట్టి ఆరబెట్టే తీరును బట్టి ఉంటుంది. సర్టిఫికెట్ పని వేరు. మీ ఊరు ఎప్పుడూ చూడని కొనుగోలుదారుకు ఈ సరుకు ఎవరి పొలంలో పండింది, దానికి ఏమేం వేశారు అన్నది కాగితం మీద చూపించడమే దాని పని. మీ పొలం చూసి, మిమ్మల్ని నమ్మి ఇంటికొచ్చి కొనేవారికి అది అక్కర్లేదు. ఏడాదికి 12 లక్షల రూపాయలకు మించని అమ్మకాలున్న చిన్న రైతు నేరుగా వినియోగదారుకు అమ్ముకుంటే ఆహార భద్రతా నిబంధనల్లో సర్టిఫికెట్ నుంచి మినహాయింపు కూడా ఉంది. కాకపోతే జైవిక్ భారత్ లోగో వాడకూడదు. మీ సరుకంతా అలాగే అమ్ముడవుతుంటే ఈ ఖర్చు పెట్టుకోకండి.

దూరపు కంపెనీలకు అమ్మాలంటే దారులు రెండు. మొదటిది పీజీఎస్. ఒకే ఊరు లేదా పక్క ఊళ్ల రైతులు కనీసం ఐదుగురు గ్రూపుగా ఏర్పడి, ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకుంటారు. ఖర్చు తక్కువ, కానీ ఎగుమతికి పనికిరాదు. రెండోది ఎన్‌పీఓపీ. అపెడా గుర్తించిన సంస్థ బయటి నుంచి వచ్చి తనిఖీ చేసి ఇస్తుంది. దీనికి గ్రూపులో కనీసం 25 మంది, గరిష్ఠంగా 500 మంది ఉండాలి. ఈ పద్ధతిలో సర్టిఫికెట్ గ్రూపు పేరుతోనే వస్తుంది. దాన్ని చూపించి ఏ సభ్యుడూ విడిగా అమ్ముకోవడానికి వీల్లేదు. అందుకే ఒక సభ్యుడి తప్పు మిగతా అందరికీ చుట్టుకుంటుంది.

కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన మండలంలో ముప్పై మందికి పైగా పసుపు రైతులు ఇలా గ్రూపు కట్టారు. మార్పిడి కాలమంతా మామూలు ధరకే అమ్ముకుంటూ ఓపిక పట్టారు. లెక్కలు చూసే కుర్రాడికి నెలల తరబడి డబ్బు ఇవ్వకపోవడంతో అతను హైదరాబాద్‌లో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాడు. ఆ ఏడాది డైరీలు ఎవరికి తోచినట్టు వారు రాశారు. కొందరు తవ్విన పచ్చి పసుపు బరువు రాస్తే, కొందరు ఎండిన కొమ్ముల బరువు రాశారు. పచ్చి దుంపలు 100 క్వింటాళ్లు ఉడకబెట్టి ఎండబెడితే చేతికొచ్చేది సుమారు 20 క్వింటాళ్లే కదా. రెండూ కలిపి కూడిన లెక్కకు, గోదాములో ఉన్న బస్తాలకు ఎక్కడా పొంతన లేదు. కొనేవాడు సిద్ధంగా ఉన్నాడు, లారీ కూడా మాట్లాడుకున్నారు. ఈ పద్ధతిలో అమ్మే ప్రతి లాటుకూ ట్రాన్సాక్షన్ సర్టిఫికెట్ విడిగా తీసుకోవాలి. దానికి దరఖాస్తు పెడితే లెక్క తేలేదాకా ఇవ్వమన్నారు. అప్పులవాళ్లు గుమ్మంలో ఉన్న రైతులు ఆగలేకపోయారు. ఒక్క చుక్క మందు కొట్టని పసుపును మార్కెట్ యార్డులో మామూలు ధరకు వదిలేశారు. తవ్వకాలకు ముందు నేను ఒక్కసారి ఆ డైరీలు తిరగేసి ఉంటే సరిపోయేది. పొలాలు చూశాను, డైరీలు చూడలేదు.

కో-ఆర్డినేటర్ ఏం చేయాలి?

ప్రతి సభ్యుడి సర్వే నంబరు, విస్తీర్ణం, పొలం పటం, వేసిన పంట, వస్తుందనుకునే దిగుబడి ఒకచోట రాసి ఉంచాలి. దిగుబడి అంచనా ఎండు బరువులోనే రాయాలని మొదటి మీటింగులోనే అందరికీ చెప్పాలి. పచ్చి బరువు కూడా కావాలంటే దానికి వేరే గడి పెట్టండి. కాటా చీటీ లేకుండా గోదాములోకి ఒక్క బస్తా కూడా తీసుకోకూడదు.

ప్రతి పొలానికీ ఏడాదికి కనీసం రెండుసార్లు గ్రూపు లోపలి తనిఖీ జరగాలి. తన పొలాన్నీ, తన చుట్టాల పొలాన్నీ ఎవరూ తనిఖీ చేయకూడదు. పక్క వరి పొలంలో కలుపుమందు కొడితే గట్టు దాటి ఎంత లోపలికి వచ్చింది, పై పొలం నీళ్లు కాలువ గుండా మీ మడిలోకి దిగుతున్నాయా, అద్దెకు తెచ్చిన స్ప్రేయరులో అంతకుముందు ఏం కలిపారు అన్నవి ఆ తనిఖీలో చూడాలి. పసుపులో ఇంకో రెండు చోట్ల జాగ్రత్త కావాలి. పాలిష్ డ్రమ్ములో ముందు వేరేవాళ్ల పసుపు తిప్పి ఉంటే, శుభ్రం చేయించాకే మీది వేయాలి. యూరియా సంచుల్లో కొమ్ములు నింపడం పూర్తిగా మానేయాలి. సంచి ఖర్చు కలిసొస్తుందని ఇప్పటికీ చాలామంది అదే పని చేస్తున్నారు.

అన్నిటికంటే కష్టమైన పని వేరే ఉంది. ఎవరైనా సభ్యుడు కలుపుమందు కొట్టాడని తెలిస్తే అతని సరుకును పక్కన పెట్టించాలి, ఆ విషయం రిజిస్టరులో రాయాలి. అతను సర్పంచి బావమరిది అయినా సరే. గ్రూపే తప్పు పట్టుకుని రాసుకుందని కనిపిస్తే బయటి ఇన్‌స్పెక్టరుకు మీ పద్ధతి మీద నమ్మకం కుదురుతుంది. దాచిపెట్టినది ఆయన చేతికి చిక్కితే గ్రూపు సర్టిఫికెట్‌కే ముప్పు.

ఎవరిని పెట్టుకోవాలి?

అగ్రికల్చర్ డిప్లొమా ఉన్నవారు, శిక్షణ సర్టిఫికెట్లు ఉన్నవారు దొరికితే మంచిదే. నేనూ డిగ్రీ పట్టుకునే ఈ ఉద్యోగంలోకి వచ్చాను కాబట్టి చదువును తక్కువ చేయను. కానీ ఆ కాగితం చూసి మాత్రమే పని అప్పగించకండి. ఒక నెల ఐదు పొలాల డైరీలు రాయించి చూడండి. తేదీలు వరసగా ఉన్నాయా, తెలియనిచోట ఊహించి రాయకుండా ఖాళీ వదిలి మళ్లీ అడిగి తెలుసుకున్నారా చూడండి. పదో తరగతి చదివిన పొదుపు సంఘం బుక్‌కీపరు ఈ పని చాలా నేర్పుగా చేయడం నేను చూశాను. సంఘం అప్పులు రాసి రాసి ఆమెకు మొహమాటం లేకుండా అడగడం అలవాటైంది.

డబ్బు విషయం మొదటే తేల్చుకోండి. ఉదాహరణకు 30 మంది, తలా ఒక ఎకరం, ఎకరానికి 20 క్వింటాళ్ల ఎండు పసుపు అనుకుంటే మొత్తం 600 క్వింటాళ్లు. క్వింటాలుకు 100 రూపాయలు పక్కన పెడితే ఏడాదికి 60,000, అంటే నెలకు 5,000. పూర్తికాలం జీతంగా చాలదు కానీ, ఊళ్లోనే ఉండి వేరే పని కూడా చేసుకునే మనిషికి సరిపోవచ్చు. మార్పిడి కాలంలో అదనపు ధర రాదు కాబట్టి ఆ రెండు మూడేళ్ల డబ్బు సభ్యులు చేతి నుంచే వేసుకోవాలి. దీనికి ఒప్పుకోని గ్రూపుకు దరఖాస్తు పెట్టవద్దనే నేను చెబుతాను.

ఆన్‌లైన్ లాగిన్, దానికిచ్చిన ఫోన్ నంబరు, ఈమెయిలు గ్రూపు పేరుతోనే ఉండాలి, కో-ఆర్డినేటర్ సొంతానివి కాకూడదు. రిజిస్టర్లు రాయడం ఇంకొకరికి కూడా నేర్పించండి. పసుపు విత్తనం నాటేది జూన్‌లో కాబట్టి మే నెలలోనే మీటింగు పెట్టి ఈ మనిషిని ఎంచుకుని, జీతం ఎంతో మినిట్స్ పుస్తకంలో రాసి అందరిచేత సంతకాలు పెట్టించండి. దరఖాస్తు ఫారం తెరిచేది ఆ తర్వాతే.