ఖరగ్‌పూర్‌లో ఇంటి కొవ్వొత్తి: పొరుగువారి పండుగలు, పెట్టుబడి లెక్కలు

పశ్చిమ బెంగాల్‌లోని పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో, హావ్‌డాకు సుమారు 115 కిలోమీటర్ల దూరాన ఉన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు చుట్టూ పెరిగిన పట్టణం. ఇక్కడి తెలుగువారి చరిత్ర కూడా రైలు పట్టాలతోనే ముడిపడి ఉంది. తూర్పు తీర రైలు మార్గంలోని ఉత్తర భాగం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వేలో విలీనమైంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన కుటుంబాలు మథురాకాటి, నిమ్‌పురా వంటి కాలనీలలో తరతరాలుగా స్థిరపడ్డాయి. 2020 డిసెంబరులో రాష్ట్ర మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా కల్పించడానికి నేపథ్యం ఈ సమాజమే.

ఒకరి జీతం మీదనో, పింఛను మీదనో నడిచే ఇళ్ళలో ఇంటి పట్టున చేసుకునే పనులపై ఆసక్తి ఉండడం సహజం. కొవ్వొత్తుల తయారీ పేరు ఆ వరుసలో తరచుగా వినిపిస్తుంది. పెద్ద యంత్రాలు అక్కరలేదు, సరకు త్వరగా చెడిపోదు, పని ఒక్కరోజులో పట్టుబడుతుంది. డబ్బు మిగులుతుందా అన్నదే అసలు ప్రశ్న. సాదా తెల్ల కొవ్వొత్తిలో మిగిలేది రోజు కూలికి కూడా సాటిరాదు. పండుగకు, ప్రార్థనకు, బహుమతికి ఉద్దేశించి చేసిన కొవ్వొత్తిలో కొంత మిగులుతుంది. ఖరగ్‌పూర్‌లో ఆ పండుగలు ఎక్కువగా మన పొరుగువారివి.

మైనం, వత్తి, అచ్చు

కొవ్వు, వత్తి అనే రెండు మాటలు కలిసి కొవ్వొత్తి అయింది. ఒకప్పుడు పశువుల కొవ్వుతో దీనిని చేసేవారన్న సంగతి ఆ పేరులోనే దాగి ఉంది. ఫ్రెంచి శాస్త్రవేత్త షెవ్రూల్ పరిశోధనల ఫలితంగా 1820ల తరవాత కొవ్వు నుంచి వేరుచేసిన గట్టి స్టియరిక్ ఆమ్లం వాడకంలోకి వచ్చింది. 1850లో స్కాట్లండుకు చెందిన జేమ్స్ యంగ్ పారఫిన్ తయారీకి పేటెంటు పొందారు. నేటి కొవ్వొత్తిలో అధిక భాగం ముడి చమురు శుద్ధిలో లభించే ఈ పారఫిన్ మైనమే. మన దేశంలో అస్సాంలోని దిగ్బోయ్, నుమాలీగఢ్ శుద్ధి కర్మాగారాలు దీనిని ఉత్పత్తి చేస్తున్నాయి. నుమాలీగఢ్‌లో ఏటా 50,000 టన్నుల సామర్థ్యం గల మైనం కర్మాగారం 2015లో ప్రారంభమైంది. ముడి చమురు ధర పెరిగితే మైనం ధర కూడా పెరుగుతుంది. ఖరగ్‌పూర్ తయారీదారు చేతిలో లేని మొదటి అంశం ఇదే.

ఇంటి తయారీకి సాధారణంగా 58 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగే పారఫిన్‌ను ఎంచుకుంటారు. తొమ్మిది పాళ్ళ మైనానికి ఒక పాలు స్టియరిక్ ఆమ్లం కలిపితే కొవ్వొత్తి గట్టిపడుతుంది, తెల్లగా కనిపిస్తుంది, అచ్చు నుంచి సులువుగా వస్తుంది, ధార కారడం తగ్గుతుంది. మైనాన్ని నేరుగా మంట మీద పెట్టకూడదు. నీళ్ళున్న పెద్ద గిన్నెలో చిన్న గిన్నె నిలిపి, 75 నుంచి 85 డిగ్రీల మధ్య ఉండేలా ఉష్ణమాపకంతో చూసుకోవాలి. అల్యూమినియం అచ్చు లోపల పలుచగా నూనె రాసి, వత్తిని బిగుతుగా లాగి కట్టి, కరిగిన మైనం పోస్తారు. చల్లారేటప్పుడు మైనం కుంచించుకుపోయి పైన గుంట పడుతుంది. ఆ గుంటలో మళ్ళీ కొంచెం పోసి సరిచేయడం మరువరాదు.

వత్తి విషయంలో పొదుపు చూసేవారు తరవాత నష్టపోతారు. కొవ్వొత్తి లావుకు తగిన వత్తి ఉండాలి. వత్తి లావైతే మంట పొడవుగా లేచి పొగ వస్తుంది. సన్నదైతే చుట్టూ ఉన్న మైనం కరగక నడుమ గొయ్యి పడి దీపం మునిగిపోతుంది. మామూలు నూలు దారం పనికిరాదు. జడలా అల్లి, బోరాక్సు వంటి లవణాలలో శుద్ధి చేసిన వత్తి కొస మంటలోకి వంగి తనంతట తానే కాలిపోతుంది. వానాకాలంలో తేమ పీల్చిన వత్తి చిటపటలాడుతుంది. అందువల్ల బంగాళాఖాతపు తేమగాలి వీచే ఈ ప్రాంతంలో వత్తులను గాలి చొరని డబ్బాలో దాచాలి.

గాజు పాత్రలో పోసే పరిమళ కొవ్వొత్తులకు ఈ మధ్య సోయా మైనం వాడుతున్నారు. దాని ద్రవీభవన స్థానం తక్కువ, చాలా రకాలు 45 నుంచి 52 డిగ్రీల మధ్య కరుగుతాయి. మైనం బరువులో 6 నుంచి 8 శాతం వరకు పరిమళ తైలం కలుపుతారు. పోసిన తరవాత వారం, రెండు వారాలు కదపకుండా ఉంచితేనే వాసన బాగా పడుతుంది. ఖరగ్‌పూర్‌లో ఏప్రిల్, మే నెలల్లో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. రేకుల కప్పు కింద నిలవ ఉంచిన సోయా మైనం ఆ వేడికి మెత్తబడి, పై భాగం మచ్చలు పడి అమ్మకానికి పనికిరాకుండా పోతుంది.

పైసల లెక్క

ఈ కింది ధరలు లెక్క తెలియజెప్పడానికి తీసుకున్నవి మాత్రమే. ఎవరి ధరలు వారు ఇందులో వేసుకుని చూసుకోవాలి.

తొమ్మిది కిలోల పారఫిన్ కిలో 130 రూపాయల చొప్పున 1,170, ఒక కిలో స్టియరిక్ ఆమ్లం 150, వత్తి 60, ఇంధనం 100 రూపాయలు అనుకుందాం. పదికిలోలలో అయిదు శాతం వృథా పోతే తొమ్మిదిన్నర కిలోలు మిగులుతుంది. దానితో 25 గ్రాముల కొవ్వొత్తులు 380 వస్తాయి. పదేసి చొప్పున 38 పొట్లాలు, పొట్లానికి నాలుగు రూపాయల చొప్పున ప్యాకింగు ఖర్చు 152 రూపాయలు. మొత్తం ఖర్చు 1,632 రూపాయలు, అంటే పొట్లానికి దాదాపు 43. పొట్లం 60కి అమ్మే దుకాణదారు తన వాటాగా 10 రూపాయలు ఉంచుకుంటే తయారీదారు చేతికి వచ్చేది 50. పొట్లానికి దాదాపు ఏడు రూపాయల చొప్పున మొత్తం మిగులు 268 రూపాయలు. ఇరవై నాలుగు గుంటల అచ్చు ఒక్కటే ఉన్నప్పుడు, పోయడానికీ చల్లారడానికీ అరగంట చొప్పున పదహారు విడతలు, అంటే ఎనిమిది గంటలు. పైగా గోల్ బజార్‌లో యంత్రంతో చేసిన కొవ్వొత్తి పక్కనే ఉంటుంది.

పరిమళ కొవ్వొత్తి లెక్క వేరు. 150 గ్రాముల సోయా మైనం 45 రూపాయలు, పరిమళ తైలం 18, గాజు పాత్ర 35, వత్తి 5, పెట్టె, లేబులు 15 అనుకుంటే ఖర్చు 118 రూపాయలు. నేరుగా 250కి అమ్మగలిగితే 132 రూపాయలు మిగులుతుంది. అయితే కరెంటు పోతే సాదా కొవ్వొత్తిని ఎవరైనా కొంటారు. దీనిని కొనేవారిని మాత్రం వెతుక్కోవాలి. ఇరవై చేసి పన్నెండు అమ్ముడైతే వచ్చేది 3,000 రూపాయలు, ఖర్చు 2,360 రూపాయలు. మిగిలిన ఎనిమిది అల్మరాలోనే ఉంటాయి.

ఎవరి పండుగకు, ఎప్పుడు

తెలుగు ఇళ్ళలో కార్తిక మాసమంతా దీపాలు వెలుగుతాయి, కానీ ఆ దీపాలు నూనెవో, నేతివో. మైనానికి అక్కడ చోటు తక్కువ. దీపావళికి పిట్టగోడల మీద కొవ్వొత్తులు వరుసగా నిలబెట్టే అలవాటు ఉన్నా, విద్యుత్ తోరణాలు దానిని తగ్గించాయి. కనుక మన పంచాంగం ఒక్కటే చూసుకుని ఈ వ్యాపారంలో దిగడం తెలివైన పని కాదు.

బెంగాలీలు దీపావళి అమావాస్య రాత్రి కాళీపూజ చేస్తారు. అంతకు ముందు రోజు భూత చతుర్దశి, ఆ సాయంత్రం ఇంట్లో పద్నాలుగు దీపాలు వెలిగించడం ఆచారం. పద్నాలుగు చొప్పున కట్టిన పొట్లం, మైనం నింపిన చిన్న మట్టి ప్రమిదలు అప్పుడు అమ్ముడయ్యే అవకాశం ఉంది. ఐఐటీ ప్రాంగణంలో దీపావళికి విద్యార్థి వసతి గృహాల మధ్య వెదురు చట్రాలపై వేల దీపాలతో జరిగే ఇల్యూమినేషన్ పోటీ ప్రసిద్ధమైనది. అందులో మట్టి ప్రమిదలదే ప్రాధాన్యం కాబట్టి కొవ్వొత్తుల వారు దాని మీద ఎక్కువ ఆశలు పెట్టుకోకపోవడం మంచిది. నవంబరు 2న క్రైస్తవులు మృతుల స్మరణ దినం పాటిస్తూ సమాధులపై కొవ్వొత్తులు వెలిగిస్తారు. గాలికి తట్టుకునే పొట్టి, లావు కొవ్వొత్తి అక్కడ కావాలి. ఆంగ్లో ఇండియన్ కుటుంబాలూ, తెలుగు, బెంగాలీ క్రైస్తవులూ ఉన్న ఈ రైల్వే పట్టణంలో క్రిస్మస్ నెల ప్రధానమైన కాలం. షబ్-ఎ-బరాత్ రాత్రి ముస్లింలు సమాధుల వద్ద వెలిగించే దీపాలు మరొక అవసరం. ఆ తేదీ చాంద్రమానాన్ని బట్టి ఏటా సుమారు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది.

వీటికి తోడు తుపానులు ఉన్నాయి. 2020 మే 20న తీరం దాటిన అంఫన్ తరవాత దక్షిణ బెంగాల్‌లో అనేక చోట్ల రోజుల తరబడి విద్యుత్ సరఫరా నిలిచిపోయింది. అటువంటి వేళ సాదా కొవ్వొత్తి మళ్ళీ నిత్యావసర వస్తువు అవుతుంది. మే నెలకు ముందే కొన్ని పొట్లాలు సిద్ధంగా ఉంచుకోవడం న్యాయమైన వ్యాపారమే. చీకట్లో ఉన్నవారికి రెట్టింపు ధరకు అమ్మడం మాత్రం కాదు.

క్వార్టరులో చేసే ముందు

రైల్వే ఉద్యోగుల కుటుంబాలు ఒక నియమాన్ని తప్పక తెలుసుకోవాలి. 1966 నాటి రైల్వే సేవల ప్రవర్తనా నియమావళిలోని 15వ నియమం ప్రకారం, ఉద్యోగి ముందస్తు అనుమతి లేకుండా వ్యాపారం చేయరాదు. కుటుంబ సభ్యులెవరైనా వ్యాపారం చేస్తుంటే ఆ విషయాన్ని పై అధికారులకు తెలియజేయాలి. భార్య పేరున వ్యాపారం నమోదు చేసి భర్త చెప్పకుండా ఊరుకుంటే, చిక్కు ఆయన ఉద్యోగానికే వస్తుంది. ఒక కాగితం మీద రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకుంటే సరిపోయే పనిని వాయిదా వేయడం అనవసరం. క్వార్టరు నివాసం కోసం కేటాయించినది కాబట్టి, అక్కడ సరకు నిలవ చేయడం, బోర్డు పెట్టడం వంటివాటికి ముందే సంబంధిత కార్యాలయాన్ని అడగాలి.

అగ్ని భద్రత అంతకన్నా ముఖ్యం. పారఫిన్ మైనం సుమారు 200 డిగ్రీలు దాటితే దాని ఆవిరి అంటుకుంటుంది. మైనం అంటుకున్నప్పుడు నీళ్ళు పోయకూడదు. నీరు ఒక్కసారిగా ఆవిరై మండుతున్న మైనాన్ని గదంతా చిమ్ముతుంది. పొయ్యి ఆపి గిన్నెపై మూత పెట్టాలి, లేదా పొడి రకం మంటలార్పే సాధనం వాడాలి. గృహ వినియోగ గ్యాసు సిలిండరును వ్యాపారానికి వాడడం నిబంధనలకు విరుద్ధం కూడా. ఇండక్షన్ పొయ్యి అయితే ఆ చిక్కు ఉండదు, మంట కూడా బయటికి ఉండదు. పిల్లలు బడికి వెళ్ళిన వేళ ఈ పని పెట్టుకోవడం మేలు.

పత్రాలు, పన్ను, రుణం

పురపాలక సంఘం ట్రేడ్ లైసెన్సు, ఆధార్, పాన్ ఆధారంగా ఉచితంగా లభించే ఉద్యం నమోదు మొదటి మెట్టు. ఉద్యం పేరిట రుసుము అడిగే ప్రైవేటు వెబ్‌సైట్లను నమ్మనవసరం లేదు. పొట్లం మీద తయారీదారు పేరు, చిరునామా, సరకు పేరు, నికర పరిమాణం, తయారైన నెల, సంవత్సరం, అన్ని పన్నులతో కూడిన గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదుల సంప్రదింపు వివరాలు ముద్రించాలని 2011 నాటి ప్యాకేజీ సరకుల నిబంధనలు చెబుతున్నాయి.

కొవ్వొత్తులపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పారఫిన్ మైనంపై పన్ను 18 శాతం. రాష్ట్రంలోనే సరకు అమ్మేవారికి ఏడాది టర్నోవరు 40 లక్షల రూపాయలు దాటే వరకు జీఎస్టీ నమోదు సాధారణంగా అవసరం లేదు. నమోదు లేనివారు మైనం మీద కట్టిన పన్నును తిరిగి పొందలేరు కాబట్టి, ఆ 18 శాతాన్ని ఖర్చులోనే కలుపుకోవాలి.

ముద్ర పథకంలోని శిశు విభాగంలో 50,000 రూపాయల వరకు రుణం లభిస్తుంది, ఈ స్థాయి వ్యాపారానికి అది సరిపోతుంది. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ పర్యవేక్షించే ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో మహిళలకు పట్టణాల్లో 25 శాతం, గ్రామాల్లో 35 శాతం రాయితీ ఉంది. అందులో వారు పెట్టవలసిన సొంత వాటా 5 శాతం. రైల్వే స్టేషన్లలో స్థానిక ఉత్పత్తుల కోసం 2022లో ఒక స్టేషను, ఒక ఉత్పత్తి పథకం మొదలైంది. కొవ్వొత్తి స్థానిక ఉత్పత్తిగా అర్హత పొందుతుందా అన్నది డివిజన్ అధికారులు నిర్ణయించవలసినది. దరఖాస్తు చేయదలచినవారు ఒంటరిగా కాక స్వయం సహాయక బృందంగా వెళ్తే మంచిది. క్రిస్మస్ సరకు కోసం పరిమళ కొవ్వొత్తులు నవంబరు నెలాఖరుకల్లా పోసి ఉంచాలి కనుక, రుణానికైనా మైనానికైనా దసరా సెలవులకు ముందే తిరగడం మొదలుపెట్టాలి.