పాత కారు స్టార్ట్ కాకపోతే ముందు చెవి పెట్టి వినండి

అమెరికా వచ్చిన కొత్తలో మనవాళ్లు ఎక్కువగా కొనేది పాత కామ్రీనో, కరోలానో, సివిక్కో. పిల్లలు పుట్టాక ఒడిస్సీ. కొన్న వారానికే ఒక చలి పొద్దున అది మొరాయిస్తే, టో ట్రక్కును పిలిచేముందు శబ్దం వినండి. లోపం ఎక్కడుందో సగం అదే చెప్పేస్తుంది.

టకటకమని వరసగా చప్పుడు వచ్చి డాష్‌బోర్డు లైట్లు మసకబారితే దాదాపుగా బ్యాటరీయే. ఒక్కసారి టక్కుమని ఆగిపోయి, లైట్లు మాత్రం బాగానే ఉంటే స్టార్టర్ మోటారును అనుమానించాలి. ఇంజన్ చకచకా తిరుగుతూ కూడా అందుకోకపోతే గ్యాసో, స్పార్కో అందడం లేదన్నమాట. అప్పుడు కొత్త బ్యాటరీ వేయించడం డబ్బు దండగ. ఏ చప్పుడూ లేకపోతే బ్రేకు తొక్కి, గేరు న్యూట్రల్‌లో పెట్టి చూడండి. పుష్ బటన్ కారైతే కీ ఫాబ్‌లోని బిళ్ల బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు. చాలా మోడళ్లలో ఫాబ్‌ను బటన్‌కు ఆనించి నొక్కితే పని జరుగుతుంది.

చౌకరకం మల్టీమీటర్ ఒకటి ఇంట్లో ఉంచుకోండి. రాత్రంతా ఆగిన కారులో 12.6 వోల్టులు చూపిస్తే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, 12 కంటే తక్కువైతే ఖాళీ. ఇంజన్ నడుస్తుంటే సాధారణంగా 13.7 నుంచి 14.7 ఉండాలి. అప్పుడూ 12 దగ్గరే ఉంటే ఆల్టర్నేటర్ ఛార్జ్ చేయడం లేదు. ఆటోజోన్, ఓరైలీ లాంటి విడిభాగాల షాపుల్లో ఈ పరీక్ష ఉచితంగానే చేస్తారు. టెర్మినల్స్ మీద తెల్లటి, పచ్చటి పొడి పేరుకుంటే బేకింగ్ సోడా నీళ్లతో బ్రష్ చేస్తే చాలు. నెగెటివ్ వైరు ముందు విప్పాలి, చివర బిగించాలి.

జంపర్ కేబుళ్లకు వరస ముఖ్యం. ఎర్రది ముందు ఆగిన కారు ప్లస్‌కు, తర్వాత మంచి కారు ప్లస్‌కు. నల్లది మంచి కారు మైనస్‌కు, ఆఖరి కొస ఆగిన కారు ఇంజన్‌పై రంగులేని లోహానికి. బ్యాటరీ దగ్గర నిప్పురవ్వ రాకుండా ఉండటానికే ఈ తిప్పలు. బ్యాటరీ ఉబ్బినా, గడ్డకట్టినా జంప్ చేయొద్దు.

ఇక సర్వీసు. "అన్నీ చేయించాం" అని అమ్మినవాళ్లు చెప్పినా బిల్లులు లేకపోతే చేయించనట్టే లెక్క. ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్ మార్చేసి, ఆ రోజు మైళ్లు రాసిపెట్టుకోండి. ఆయిల్ గ్రేడు ఓనర్స్ మాన్యువల్‌లో ఉన్నదే వాడాలి. కూలెంట్ చూడాలంటే ఇంజన్ చల్లారాకే. వేడి మీద రేడియేటర్ మూత తీస్తే ముఖం కాలుతుంది.

అన్నిటికన్నా ఖరీదైన నిర్లక్ష్యం టైమింగ్ బెల్టు. ఇటీవలి కామ్రీ, కరోలాల్లో చెయిన్ ఉంటుంది కాబట్టి గొడవ లేదు. హోండా ఒడిస్సీ, పైలట్ వీ6 ఇంజన్లలో చాలావాటికి రబ్బరు బెల్టే. సుమారు లక్ష మైళ్లకు, లేదా ఏడేళ్లకు మార్చాలి. అది దారిలో తెగితే పిస్టన్లు వాల్వులను కొట్టి ఇంజనే పోతుంది. 95 వేల మైళ్ల ఒడిస్సీ కొంటుంటే ఈ ఖర్చు బేరంలోనే తగ్గించమనండి.

చెక్ ఇంజన్ లైటు వెలగడం లేదని మురిసిపోవద్దు. అమ్మేముందు కోడ్లు చెరిపేసే ఘనులున్నారు. 1996 తర్వాతి కార్లన్నిటికీ ఓబీడీ2 పోర్టు ఉంటుంది. చిన్న స్కానర్ పెట్టి రెడీనెస్ మానిటర్లు చూడండి. చాలావాటికి "నాట్ రెడీ" అని వస్తే ఈమధ్యే కోడ్లు చెరిపారనో, బ్యాటరీ విప్పారనో అర్థం. డీలరు కిటికీకి అంటించిన బయ్యర్స్ గైడ్‌లో "యాజ్ ఈజ్" అని ఉంటే తర్వాతి రిపేర్లు మీవే. 17 అక్షరాల విన్ నంబరును ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైటులో కొడితే పెండింగ్ రీకాల్స్ తెలుస్తాయి. వాటిని ఆ కంపెనీ డీలరు సాధారణంగా ఉచితంగానే సరిచేస్తాడు.